ఓక్‌బున్ మొగుడి ఎడమ కన్ను

ఓక్‌బున్ మొగుడు మాన్‌షిక్ ఆల్చిప్పల బుట్ట బల్ల మీద కుమ్మరించి, ఎడమ కన్ను మూశాడు. పొద్దుటినుంచి ఇలాగే. ఓక్‌బున్ కత్తి చిప్పలోనే ఆగిపోయింది. ఆమె పక్కనే నిలబడి చిప్పలు ఒలుస్తున్నది మొగుడు పోయిన బోక్‌రే. నున్నటి బుగ్గలు, నవ్విందంటే షెడ్డంతా వినబడుతుంది.

మాన్‌షిక్‌కు ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషనై మూడేళ్లు. అప్పటినుంచి అతను గోడవైపు తిరిగే పడుకుంటున్నాడు. పోనీలే, మనిషి దక్కాడు అనుకుంది ఓక్‌బున్. తోంగ్యంగ్ రేవులో బుట్టలు మోసే ఈ ముసలాణ్ణి ఇంకెవరు చూస్తారులే అని ధీమా కూడా. తన దగ్గర లేని సరసం దీని దగ్గర ఎక్కణ్ణుంచి వచ్చింది?

భోజనాల దగ్గర నిలదీసింది.

"ఏమయ్యా, దానికి కన్ను కొడుతున్నావా?"

కిమ్చీ నములుతున్న మాన్‌షిక్ తెల్లబోయాడు. "నీ మొహం! రెప్ప దానంతటదే వాలిపోతోందే. ఉప్పుగాలి."

"దాన్ని చూసినప్పుడే వీస్తుందా ఉప్పుగాలి?"

బోక్‌రే లేచి వచ్చింది. "అక్కా, బావగారి కన్ను ముందుకు పొడుచుకొస్తోంది. ఒకటి రెండుగా కనబడుతున్నట్టుంది, బుట్ట బల్ల అవతల పెట్టబోతున్నాడు. డాక్టరుకి చూపించు."

"నా మొగుడి కన్ను అంత పరకాయించి ఎందుకు చూశావే?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. పంతం కొద్దీ ఓక్‌బున్ ఆ మధ్యాహ్నమే అతన్ని జింజు ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరు స్కాన్ చూసి, "అప్పుడు తీసేసిన క్యాన్సరే ఇక్కడికి పాకినట్టుంది. మామూలుగా ఎముకల్లో చేరుతుంది. కంటి వెనక చేరడం చాలా అరుదు" అన్నాడు.

ఓక్‌బున్‌కు ముందు కలిగింది సంతోషం. కన్ను కొట్టలేదన్నమాట! ఆ తర్వాతే డాక్టరు అన్నదేమిటో బుర్రకెక్కింది. తిరుగు బస్సులో అతని చెయ్యి పట్టుకుని, "దానికే కన్ను కొట్టి ఉండకూడదా నువ్వు!" అని ఏడ్చింది.

"రేపు కొడతాలే, ఊరుకో" అన్నాడు మాన్‌షిక్.

ఓపిక ఉన్నన్నాళ్లు పనికి వెళ్లాడు. రెండుగా కనబడకుండా కళ్లజోడు ఎడమ అద్దానికి ప్లాస్టర్ వేసుకున్నాడు. ఎవరు వేశారని ఓక్‌బున్ అడిగితే, నేనే అన్నాడు. ఆల్చిప్పల కాలం ముగిసేలోగా, ఒక మధ్యాహ్నం, కునుకులోనే పోయాడు.

చావు కార్యాలయ్యాక షెడ్డులో బోక్‌రే ఓక్‌బున్‌ను పట్టుకుని ఏడ్చింది. "ఆ ప్లాస్టర్ అంటించిపెట్టమన్న రోజే అనుకున్నానక్కా, ఎక్కువ కాలం ఉండడని."

"నువ్వా అంటించింది?"

"నీకు చెప్పొద్దన్నాడు. బాధపడతావని."

ఓక్‌బున్ గబగబా ఇంటికి వచ్చి, కళ్లజోడు చేతిలోకి తీసుకుని, ప్లాస్టర్ అంచు గోటితో గీకింది. నాలుగు మూలలా ఒద్దికగా కత్తిరించి, ఎక్కడా ముడత లేకుండా అంటించిన ఆ ప్లాస్టర్ ఊడి రాలేదు.