నరహరయ్యగారి కాగిన కాగితాలు

జయంతికి రమ్మని పిలిచి కమలాక్షికి వర్ధంతి చూపించారు.

కోలారు బంగారు గనుల పక్కన, చాంపియన్ రీఫ్స్‌లో మూతబడిన పాత క్లబ్బు హాలు అది. వాకిట్లో షామియానా, గోడ మీద నరహరయ్యగారి పటం, పటానికి చామంతి దండ. నరహరయ్యగారు కమలాక్షికి ముత్తాత. మద్రాసులో చరిత్ర ప్రొఫెసరు ఉద్యోగం చేస్తూ, సెలవులిస్తే చాలు ఎద్దుబండి కట్టించుకుని కోలారు సీమలో ఊరూరూ తిరిగి, శాసనాలూ, పోరులో పడినవాళ్లకు నిలిపిన వీరగల్లుల కథలూ రాసుకున్న మనిషి. ఆయన చూసిన రాళ్లలో సగం ఇప్పుడు కంకరై రోడ్ల కింద పడుకున్నాయి. రాయి పోయింది, రాత మిగిలింది. ఆ రాతకు రెండో ప్రతి లేదు.

కిందటేడు కోలారు దగ్గర తమక అనే ఊళ్లో ఇల్లు మారుతూ ఆ కాగితాల పెట్టెను ఆయన పేరిట వెలిసిన స్మారక సమితి చేతుల్లో పెట్టింది ఆమే. ఇప్పుడు బెంగళూరులో ఒక రాతప్రతుల భాండాగారం వాళ్లు ఫొటోలు తీసి భద్రంగా దాస్తామన్నారు. పెట్టె తీసుకుపోదామని పొద్దున బస్సుకే వచ్చింది.

గడప దాటగానే కాలిన ప్లాస్టిక్కు కంపు ముక్కు పట్టుకుంది.

"రండమ్మా, రండి! టైముకి వచ్చినారు," అన్నాడు సమితి అధ్యక్షుడు జగదీష్. ఇళ్ల స్థలాల వ్యాపారం ఆయనది. ఊరందరి భూములకూ హద్దురాళ్లు పాతాడు గానీ తన ఉత్సాహానికి మాత్రం హద్దు పెట్టుకోలేదు. "చూడండి, మీ తాతని ఎట్ల మెరిపిస్తా ఉండామో!"

బల్ల మీద లామినేషన్ మిషను. దాని నోట్లోకి ఒక పక్క నుంచి నరహరయ్యగారు పోతున్నారు, ఇంకో పక్క నుంచి హోటలు మెనూకార్డై వస్తున్నారు. పేరే కాగితం గనక కాగడానికే పుట్టిందనుకున్నారో ఏమో, నూరేళ్లు దాటిన కాగితాన్ని చక్కగా కాచేశారు. వేడుకకు వేడి కావాలి మరి! సిరా ఉడికి గోధుమరంగుకు తిరిగింది. అక్షరాల చుట్టూ పొక్కుల్లా బుడగలు లేచాయి.

"ఎవరు చెప్పినారు మీకు, ఈ పని చెయ్యమని?"

"చెప్పేదేముండాది మేడమ్?" అన్నాడు మిషను దగ్గర కూర్చున్న సునీల్‌కుమార్. రాబర్ట్‌సన్‌పేటలో ఫొటో అంగడి అతనిది. "ఆధార్ కార్డుకి చేస్తారు, మార్క్స్ కార్డుకి చేస్తారు, దేవుని పటానికి చేస్తారు. ఇంత పెద్దాయనకి చెయ్యకుంటే ఎట్ల? ఇంగ సాంబారు పడినా గుడ్డతో తుడిస్తే సరి. మీ తాతకి చావే లేదు!"

ఆమె ఒక ప్లాస్టిక్కు రేకు చేతిలోకి తీసుకుంది. "ఇంత చిన్నదయిందేమి?"

"ప్లాస్టిక్కులో సైజు పట్టలేదు మేడమ్. పక్కన ఏందో గీకి పెట్టినాడు పెద్దాయన. చదివేకి కూడా రాదు. కత్తిరించేసినాను. నీట్‌గా ఉండాది కదా?"

పక్కన గీకిందే అసలు సంగతి. ఏ కథ ఏ గొల్ల ముసలమ్మ చెప్పింది, ఏ రాయి ఏ చాకలి చూపించాడు, ఆ పేర్లన్నీ ఆయన అంచుల్లోనే రాసుకున్నారు. అంచు పోతే ఆ మనుషులంతా పోయినట్టే.

బల్ల కింద చెత్తబుట్ట ఉంది. టీ కప్పులు, అరటి తొక్కలు, వాటి కింద ముత్తాత చేతిరాత పేలికలు పేలికలుగా. కమలాక్షి వంగి చెయ్యి పెట్టింది. వేళ్లకు వెచ్చగా, జిగటగా ఏదో తగిలింది. చెయ్యి ఎత్తితే ఎర్రగా తీగ సాగింది. ఎవరో గుట్కా ఉమ్మారు. చరిత్ర మీద ఉమ్మేయడమని మాటవరసకు వినడమే గానీ, ఆ తడి చేతికి అంటడం ఇదే మొదటిసారి.

చీర చెంగుకే వేళ్లు తుడుచుకుని, "మిగిలినవి ఇచ్చేయండప్పా. నేను తీసుకుపోతాను," అంది.

"అదెట్లమ్మా? సాయంత్రం ముఖ్య అతిథి వస్తా ఉండాడు. గోడ నిండా తగిలించల్ల. సగం మెరిసి సగం మాసిపోయి ఉంటే జనం నగతారు. అయినా సమితికి ఇచ్చినాక ఇంగ అది ఊరి సొత్తు."

సునీల్‌కుమార్ అరచెయ్యి గోక్కుంటూ అడిగాడు. "మేడమ్, దీన్నిండా తెల్లపొడి ఉండాదే, ఏమిది? పొద్దున్నుంచీ చెయ్యి నవ పెడతా ఉండాది."

అది పురుగు పట్టకుండా కమలాక్షి నాన్న చల్లిన మందు. ఆ మాటే నోటి దాకా వచ్చింది. వేలి సందులో మిగిలిన ఎరుపు కళ్లబడేసరికి నోరు దారి మార్చుకుంది.

"అదా? ప్లేగు పొడి."

"ఏం పొడి?"

"ఆ కాలంలో గనుల్లో ప్లేగు వచ్చిందే, అప్పటిది. పోయేవాళ్ల మంచాల పక్కన కూచుని, వాళ్లతో కథలు చెప్పించుకొని రాసినాడు ఇవన్నీ. ఆయన పోయిందీ దాంతోనే. మా ఇంట్లో ఎవరం ఉత్తచేతుల్తో ముట్టం. మీకు చెప్పలేదా?"

సునీల్‌కుమార్ చేతిలో కాగితం పామైపోయింది. పొద్దున అవే కాగితాలను కళ్లకద్దుకున్న జగదీష్, ఆ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎత్తుకొని పోండమ్మా! ముందు ఎత్తుకొని పోండి!"

ఎత్తుకుంది. మిషను పాలబడని కట్టలన్నీ సంచిలో సర్దుకుంది. తర్వాత మెరిసే రేకుల కోసం చెయ్యి చాచింది. ఉడికినా ఆయన రాతే కదా, ఏ నిపుణులో నాలుగు ముక్కలు చదవగలరేమోనని ఆశ.

"అవి తాకొద్దు!" అని అరిచాడు జగదీష్. "మిషనులో పడి రోగం గాలికెక్కింటాది. ఇంగ అవి ఉండగూడదు. సునీలూ, పెట్రోలు తేప్పా!"

"అబద్ధమప్పా! నేను చెప్పింది అబద్ధం. ప్లేగూ లేదు, ఏమీ లేదు. ఆయన ముసలితనంతో పోయినాడు!"

జగదీష్ ఆమె వైపు జాలిగా చూశాడు. "ఊరుకోండమ్మా. ముందు చెప్పింది నిజం. ఇప్పుడు చెప్పేది ప్రేమ."

రేకులనీ చెత్తబుట్టనీ కర్రతో వాకిట్లోకి నెట్టి అంటించారు. ప్లాస్టిక్కు ముడుచుకుంది, కారింది, నల్లగా చీము కక్కింది. షామియానా కింద ముందే వచ్చి కూర్చున్న ఆడవాళ్లు ముక్కులు మూసుకుని లేచారు.

"ఏమే కాల్తా ఉండాది?"

"ప్రొఫెసరుకి ప్లేగంట. ఆయమ్మే చెప్పినాది, మునిమనవరాలు."

వాళ్లందరినీ చూస్తే కమలాక్షికి అసహ్యం వేసింది. తన నాలుకను తలుచుకుంటే ఇంకా ఎక్కువ వేసింది. మారికుప్పం స్టేషనులో కొళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడిగింది. ఎరుపు వదిలింది, కంపు వదలలేదు. ప్లాట్‌ఫారం చివరకు పోయి, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ పట్టాల పక్కన కక్కేసింది. మూతి తుడుచుకుని, సంచిని రొమ్ముకి అదుముకుని బెంగళూరు బండి ఎక్కింది.