ఇప్పచెట్టు కింద బండి

గుట్ట పైకి చేరేసరికి భవానికి ఊపిరి అందలేదు, అయినా నవ్వు ఆగలేదు. పెళ్లయి నెల తిరక్కముందే ఇలా ఇద్దరే అడవిలోకి రావడం, చెప్పుల కింద ఎండుటాకులు కరకరలాడటం, అన్నీ బాగున్నాయి. బండి మాత్రం వాళ్లది కాదు. భర్త వీరబాబు వాళ్ల అన్న కొత్తగా కొన్న మోటారుసైకిలు. సాయంత్రం డ్యూటీకి ఆయన దాని మీదే పాల్వంచ వెళ్లాలి. "గీత పడ్డా ఊకోడు" అని దారి పొడవునా చెప్పిన వీరబాబు, దాన్ని గుట్ట కింద ఒక చెట్టు నీడన నిలబెట్టాడు.

"గదిగో, కిన్నెరసాని."

కొండల నడుమ నీళ్లు, నీళ్ల మధ్య పచ్చని లంకలు.

"మొసళ్లున్నయంట గదా?"

"ఉన్నయ్. నిన్ను జూస్తే అవే జడుస్తయ్."

భవాని వీపు మీద ఒక్కటిచ్చింది. అతను ఆమె భుజాలు పట్టి తిప్పాడు. దూరంగా ఆ మసకలో గోదావరి, ఒడ్డున భద్రాచలం, ఎగువన పర్ణశాల. ఇటు పక్క పొగ పాల్వంచ కరెంటు ప్లాంటుది.

"మరి గా పొగ?" ఆమె గుట్ట మొదట్లోకి వేలు చూపింది.

వీరబాబు ముఖం పాలిపోయింది. "అయ్యో, అది ఇప్పచెట్టు!"

ఇప్పపువ్వు రాలే రోజులు. ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెడతారు. ఈ కాలంలో అక్కడ మేకను కూడా కట్టరు. ఇక్కడే పుట్టిన వీరబాబు, భార్యతో మాటల్లో పడి, బండి నిలిపింది ఏ చెట్టు కిందో చూడలేదు.

ఇద్దరూ పడుతూ లేస్తూ దిగారు. మంట ముందు టైరును అందుకుంటోంది. పువ్వు ఏరడానికి వచ్చి ఆకులంటించిన ఆదెమ్మ పచ్చిమండతో ఆ మంటను బాదుతోంది.

"ఎవల బండని కేకేసిన గదయ్యా! పలికిన్రా?"

"తాళం! జల్దీ!" వీరబాబు భవాని వైపు చెయ్యి చాచాడు.

తాళంచెవి భవాని కొంగున ముడేసుకుంది. వేళ్లకు ముడి రాలేదు. పళ్లతో లాగింది. వచ్చింది. ఆదెమ్మ తాగడానికి తెచ్చుకున్న కుండెడు నీళ్లూ టైరు మీద కుమ్మరించింది. హ్యాండిల్ లాకు తీసి ముగ్గురూ బండిని బాట మీదికి ఈడ్చారు.

మడ్‌గార్డు రంగు పొక్కింది. టైరు ఒకవైపు నల్లగా ఉబ్బింది.

"కొత్త పెండ్లికొడుకు కండ్లకు చెట్లు గూడ ఆనతలేవు," అంది ఆదెమ్మ, రొప్పుతూనే.

వీరబాబు నవ్వలేదు. "డ్యూటీ టైముకు గిది ఇల్లు చేరుతదా?"

"మీ అన్నకు నేను చెప్త," అంది భవాని.

"నిన్నేమనడు. నన్నే సంపుతడు."

బండి మెల్లగా కదిలింది. అతను ఇక దేన్నీ చూపించలేదు. ఆమె అతని భుజం మీదుగా టైరునే చూస్తోంది. అతని చెవి నిండా మసి. చెబుదామనుకుంది. నవ్వొస్తుందని భయపడి, పెదవి బిగబట్టింది.