కింద గది ఉన్న ఇల్లు

మేనేజరమ్మకి ఆ అద్దె ఇళ్ల వరసలో మొదటి ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చింది. గోడకి గోడ ఆనించి కట్టిన రెండంతస్తుల ఇళ్లవి. కింద హాలూ వంటిల్లూ, పైన పడగ్గదులూ బాత్రూమూ, మధ్యలో ప్రాణం తీసే మెట్లు. మొదటి ఇంట్లో మాత్రం కింద కూడా ఒక గదీ, దాన్నానుకుని బాత్రూమూ ఉన్నాయి. కట్టినాయన అది ఆఫీసు గది అనుకున్నాడు. ఇప్పుడందులో మేనేజరమ్మ భర్త ఉంటున్నాడు. ఒకప్పుడు స్తంభాలెక్కి కరెంటు తీగలు బాగుచేసిన మనిషి. పక్షవాతం వచ్చాక కుడికాలు ఆయన మాట వినడం మానేసింది. గోడ పట్టుకుని బాత్రూముకి తనంతట తాను వెళ్లి రావడం, అదొక్కటే ఆయనకి మిగిలిన పరువు.

ఇళ్ల ఓనరు పళ్ల డాక్టరు. మనుషుల చేత నోరు తెరిపించి మాట్లాడనివ్వకపోవడం ఆయన వృత్తి కాబట్టి, ఎవరైనా ఎదురు మాట్లాడితే ఏం చెయ్యాలో ఆయనకి తోచదు. ఒక రోజు పొద్దున్నే వచ్చి, కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు నీళ్లు నమిలాడు.

"ఏం లేదమ్మా, ఒక కంపెనీవాళ్లు వచ్చారు. ఇళ్లన్నీ బయటినుంచే చూసుకుంటారట. ఇక్కడ మనిషి కాపురం ఉండక్కర్లేదు. ఫోన్ చేస్తే వాళ్ల మనిషి వస్తాడు."

"వస్తాడు సరే, ఎప్పుడొస్తాడు? ఇక్కడ ఒక పైపు పగిలితే అటూ ఇటూ గోడలన్నీ తడుస్తాయి. నేనైతే కొంగు దోపుకునేలోపు అక్కడుంటాను."

"అదే నేనూ అన్నాను. కానీ అద్దెకున్నవాళ్లలో కొందరు... మీరు మరీ దగ్గరగా ఉంటున్నారని..."

"దగ్గరగా ఉండటానికే కదండీ పెట్టుకున్నారు?"

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "వచ్చే ఆదివారం ఇంటింటికీ వెళ్లి నేనే అడుగుతాను. వాళ్లు మీరంటే మీరు, కంపెనీ అంటే కంపెనీ. ఇది నా నెత్తిన ఎందుకు వేసుకోవాలి?"

"మరి ఈ ఇల్లు?"

"కంపెనీ వస్తే ఇదీ అద్దెకిచ్చేస్తాం కదమ్మా," అని ఆయన లేచాడు. లోపలి గదిలోంచి గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. భర్త బాత్రూముకి బయల్దేరాడు.

ఆ వారమంతా ఆమె కాలుగాలిన పిల్లిలా ఊరంతా తిరిగింది. ఎక్కడ చూసినా మెట్లే. లిఫ్టు ఉన్న చోట గడప దగ్గరే వీళ్ల తాహతు తేలిపోయింది. ఒకచోట కింద ఇల్లు ఖాళీగా ఉందన్నారు. పక్షవాతం మనిషని తెలిశాక నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమెకి ఏడుపొచ్చింది, పక్క సీటావిడ చూస్తోందని మింగేసింది.

ఇక మిగిలింది అద్దెవాళ్లే. వాళ్లు తనని వదులుకుంటారంటే ఆమె నమ్మలేకపోయింది. తను వాళ్లకి తలలో నాలుకలా ఉంటున్నానని ఆమె గట్టి నమ్మకం. ఎవరి నోట్లో నాలుక వాళ్లకి ఉంటుంది కదా అన్న సంగతి ఆమెకి ఎన్నడూ తట్టలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు ప్రతి ఇంటిదీ ఒక తాళంచెవి ఆమె చేతికిచ్చి, అవసరానికి ఉంచుకోమన్నారు. అవసరమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. మొదట్లో అది పైపు పగలడం. తర్వాత వాన పడితే కిటికీలు మూయడం. ఆ తర్వాత దండెం మీది బట్టలు తెచ్చి మడతపెట్టడం. ట్యూషన్ మాస్టారికి ఆయన బనీన్ల చిరుగుల గురించి పిల్లలందరి ముందూ ప్రేమగా చెప్పింది కూడా. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సు ఒకసారి కళ్లు తెరిచేసరికి గదిలో ఎవరో మనిషి నిలబడి కర్టెన్లు దగ్గరికి లాగుతోంది. వెలుతురు పడి నిద్ర చెడుతుందని వచ్చానంది మేనేజరమ్మ. నర్సు ఆ తర్వాత లోపల గడియ వేసుకోవడం మొదలుపెట్టింది. తాళంచెవి ఉండగా గడియ ఎందుకో మేనేజరమ్మకి అర్థం కాలేదు.

ఇంత జరిగాక బుద్ధున్నవాళ్లెవరైనా నాలుగు రోజులు ఎవరి గడపా తొక్కకుండా ఉంటారు. మేనేజరమ్మ అలా కాదు. ఆదివారంలోగా అందరి మనసూ గెలుచుకోవాలనుకుంది, గెలుచుకోవడానికి ఆమెకి తెలిసిన దారి ఒక్కటే. మాస్టారు సంతకెళ్లినప్పుడు వెళ్లి ఆయన వంటింటి గట్టు మెరిసేలా తోమింది. నర్సు స్నానాలగదిలో కుళాయి కారుతోందని ఎప్పుడో విన్నది గుర్తొచ్చి, పానా పట్టుకుని బయల్దేరింది.

స్టూలెక్కి కుళాయి బిగిస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. నర్సు చెప్పులతోనే పైకొచ్చి బాత్రూము గుమ్మంలో ఆగిపోయింది. కేకలు వేస్తే బాగుండేది. ఆవిడ వెనక్కి జరిగి, అక్కడే మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది.

"అయిపోయిందమ్మా, ఇంకో తిప్పు తిప్పితే..."

"వెళ్లండి," అంది నర్సు చేతుల్లోంచి. "దయచేసి వెళ్లండి."

"ఇక మీదట చుక్క కూడా కారదు. చూడు."

"మీకు దండం పెడతాను, వెళ్లండి."

మేనేజరమ్మ స్టూలు దిగింది. ఆవిడని దాటుకుని మెట్లు దిగడానికి సందు లేదు. నర్సు గోడకి ఒదిగింది గానీ తలెత్తలేదు. చేజేతులా చేసుకున్నానని మేనేజరమ్మకి బయటికొచ్చాక తెలిసింది. ఇంటికెళ్లి భర్తకి అన్నం తినిపించింది. ఆయన ఆమె మొహంలోకి చూస్తూ మెల్లగా నమిలాడు.

ఆదివారం డాక్టరు వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి ఆమె ఒక్కో తలుపూ తెరుచుకోవడం, మూసుకోవడం చూసింది. నర్సు గుమ్మంలో ఆయన చాలాసేపు ఉన్నాడు. అయిపోయింది అనుకుంది. మూడో ఇంట్లో కాపురముంటున్నది తన కూతురే. అదొక్కటీ తన వైపు చెబుతుంది, పాపం ఒక్కతే ఏం చెయ్యగలదు అనుకుంది. కిటికీ వదిలి నేలమీద కూర్చుంది. ఈయన్ని ఎక్కడికి తీసుకెళ్లను? ఏ మెట్ల కింద పడుకోబెట్టను? ఆలోచన అక్కడికొచ్చి ఆగిపోతోంది, ముందుకి కదలడం లేదు.

డాక్టరు తలుపు కొట్టి లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "నా పని తేలికైంది. అందరిదీ ఒకటే మాట. మీరే ఉండాలట! కంపెనీవాళ్లకి ఇవాళే వద్దని చెప్పేస్తాను."

"నర్సమ్మ కూడానా?"

"ఆవిడే గట్టిగా చెప్పింది."

ఆయన వెళ్లాక మేనేజరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా కూతురింటికి పరిగెత్తింది. "విన్నావటే? అందరూ నేనే కావాలన్నారట! నేను చెప్పలేదూ, చేసిన మంచి ఎక్కడికీ పోదని!"

కూతురు పొయ్యి ఆపింది. "కూర్చో అమ్మా."

"కూర్చోవడమేమిటే, నాన్నకి చెప్పాలి..."

"నేను అడిగానమ్మా. ఇంటింటికీ వెళ్లి అడిగాను. నాన్న మెట్లెక్కలేడు, ఆ గది పోతే ఆయన బతకడు అని కాళ్లావేళ్లా పడ్డాను. నర్సు మొదటిసారి నా మొహం మీదే తలుపేసింది. మళ్లీ వెళ్తే, మీ నాన్న కోసం చెబుతాను, మీ అమ్మ కోసం కాదు అంది. మాస్టారూ అంతే. తాళంచెవులన్నీ నీ దగ్గర్నుంచి తిరిగి ఇప్పిస్తానని అందరికీ మాటిచ్చాను."

మేనేజరమ్మకి తల కొట్టేసినట్టయింది. "నేను వాళ్లకేం అన్యాయం చేశానే?"

"అన్యాయం కాదమ్మా. నేనూ మీ అల్లుడూ మాటా మాటా అనుకుంటే, మర్నాడు నువ్వు ఆయనకి ఇష్టమైన కూర వండుకుని వస్తావు. నీకెలా తెలిసిందో అడగం. మా ఇంట్లో మేం గుసగుసగా మాట్లాడుకుంటున్నాం."

మేనేజరమ్మ కుర్చీలో కూర్చుంది. "నాన్న బాగుండి ఉంటే నువ్వేం చెప్పేదానివి?"

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కంపెనీవాళ్లే రావాలని చెప్పేదాన్నమ్మా."

ఆమె ఇంటికొచ్చేసరికి భర్త మంచం మీద లేచి కూర్చుని, గుమ్మం వైపే చూస్తున్నాడు. డాక్టరు గొంతు ఆయనా విన్నాడు, మాటలు మాత్రం అందలేదు.

"ఏ... మన్నారు?"

"ఉండమన్నారండీ."

ఆయన మొహం ఒకవైపుగా నవ్వింది. బాగున్న చేత్తో ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నాకు... తెలుసు. నువ్వంటే... అందరికీ... ప్రాణం."

"అవునండీ," అని ఆమె ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దింది.