ఐదొద్దుల లంఖణం

నాకు ముక్కు మీదే కోపం. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇంట్లో గానీ బయట గానీ నాకు ఎదురు చెప్పినవాడు లేడు. నా భార్య కళావతి అసలే చెప్పదు. అదే నా కొంప ముంచింది.

డెబ్బై ఎనిమిది వానాకాలంలో ఆమె మోకాళ్లు వాచాయి. డాక్టరు నొప్పి గోళీలు రాసి, "అన్నం తిన్నంకనే వెయ్యాలె" అని రెండుసార్లు చెప్పాడు. నేను తలూపాను. వారం తిరక్కుండానే కళావతి కింద కూర్చుని బియ్యం చెరిగింది. చూసి ఎంత సంబరపడ్డానో!

తర్వాత కడుపులో మంట మొదలైంది. కడుపు చెడితే మా ఇంట్లో మా నాయన నాటి నుంచీ ఒకటే మందు. లంఖణం పరమౌషధం.

"మూడొద్దులు అన్నం ముట్టకు. మంట అదే సల్లారతది" అన్నాను.

"మరి గోళీలు?"

"గోళీలు ఆపితే మళ్ల మంచమెక్కుతవ్. నీళ్లతోని ఏస్కో."

"తిన్నంకనే అన్నడు గద డాక్టరు సాబ్..."

"డాక్టరెక్కువనా, నేనెక్కువనా?" అని గద్దించాను.

ఖాళీ కడుపుతో పూటకొకటి మింగింది. మూడో రోజు మంట ఇంకా ఎక్కువైందంటే, లంఖణం ఇంకో రెండు రోజులు పొడిగించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఐదో రోజు పొద్దున దొడ్లో కళ్లు తిరిగి పడిపోయింది. విరేచనం తారులా నల్లగా ఉంది.

"ఎన్నొద్దుల సంది ఇట్లయితాంది?" అని అరిచాను.

"మొన్నటి సంది. చెప్తే కోపానికొస్తవని..." అంది.

రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు ఆమె కనురెప్ప లాగి చూశాడు.

"కడుపుల పుండు పడి నెత్తురు పోతాంది. ఈ గోళీలు ఖాళీ కడుపున ఎవరు ఎయ్యమన్నరు?"

"నేనే సార్" అన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నెత్తురెక్కించి ఆపరేషన్ చేస్తం. నోట్లె ఏం పెట్టొద్దు, సుక్క నీళ్లు గూడ."

కళావతి నా అంగీ పట్టుకుని దగ్గరికి లాగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి నన్నేమీ అడగలేదు.

"ఆకలైతాందయ్యా. ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టవా?"

"ఒద్దే. డాక్టరు సాబ్ ఒద్దన్నడు" అన్నాను. డాక్టరు మాట విన్నది నేను ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ బల్ల మీదే పోయింది. ఆకలితోనే పోయింది నా కళావతి.