అఖిల ఓడిపోతున్న ఆట

మా మనవరాలికి లెక్కలు రావడం లేదని బడిలో చెప్పిన రోజు నేను నమ్మలేదు.

అఖిల చదివేది రెండో తరగతి. నేను వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టడం మొదలుపెడితే చాలు, మొత్తం ఎన్నవుతాయో చెప్పేసేది. అది చూసే, లెక్కల పీరియడ్‌కు దాన్ని నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు. దీపావళి దాకా అన్నీ ఒప్పులే. ఆ తర్వాత అన్నీ తప్పులే.

వాళ్ళ నాన్నది ఆకివీడులో చేపల లారీలకు ఐసు ఎత్తించే పని, అమ్మ బట్టల షాపు వదిలి రాలేదు. అందుకని ఇక్కడ మా గూడెంలో బడికి నేనే వెళ్ళాను.

"చిన్నపిల్ల కదండీ మామ్మగారూ, బరువైపోతుందేమో. సోమవారం నుంచి నాలుగో తరగతికి పంపించం. ఏమీ అనుకోకండేం," అంది వాళ్ళ క్లాసు టీచరు గాయత్రి.

ఆ సాయంత్రం దాని మనసు మళ్ళిద్దామని వామనగుంటల పీట తీసి, చింతగింజలు పోశాను. ఎప్పుడాడినా గెలిచేది నేనే. ఆట మధ్యలో పాలు గుర్తొచ్చి లోపలికి పరుగెత్తాను. పొయ్యి కట్టేసి కిటికీలోంచి చూద్దును కదా, అఖిల నా వైపూ తన వైపూ తనే ఆడుతోంది. చేతులు చకచకా తిరుగుతున్నాయి. గింజలన్నీ తన ఒళ్ళో చేరాయి. నేను కేకేసి పిలుద్దామనుకునేలోపే ఆ గింజల్ని మళ్ళీ ఏ గుంటలోవి ఆ గుంటలో పోసేసింది.

నేను వచ్చి కూర్చున్నాను. అది ఇందాక గెలిపించిన గుంట వదిలేసి, వేరే గుంట ఎత్తి ఆడింది.

"అయ్యో, పోయేయి మామ్మా! మళ్ళీ నువ్వే గెలిచేవు!"

ఇన్నాళ్ళూ నన్ను గెలిపించింది ఈ గుప్పెడంత పిల్లా!

"ఎందుకే అలా ఆడేవు? నేను కిటికీలోంచి చూసేనే."

తల వంచుకుంది. దగ్గరకు తీసుకుంటే చివరికి నోరు విప్పింది.

"నేను గెలిస్తే కొట్టాలి కదా మామ్మా."

"ఎవర్నే?"

"రానివాళ్ళని. లెక్క చేసేక సారు నన్ను కుర్చీ ఎక్కిస్తారు. అందరూ వరసగా వస్తారు. మొట్టికాయలు పెట్టాలి. మెల్లిగా పెడితే, గట్టిగా అంటారు."

"అబ్రార్‌క్కూడానా?"

పక్కవీధి లాల్ బాషాగారి అబ్బాయి అబ్రార్. ఆ నాలుగో తరగతే. రోజూ దీన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళతాడు.

"అన్నకే ఎక్కువ పెట్టేను," అని బావురుమంది.

ఆ రాత్రి దాన్ని నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను.

మర్నాడు నాలుగో తరగతి లెక్కల మాస్టారు జోగారావుగారిని పట్టుకున్నాను. విషయం వినగానే ఆయన మొహం పాలిపోయింది.

"అదేంటండీ! బాగా చేసిన పిల్లకి గౌరవం ఇస్తున్నాననుకున్నానండీ. మా మాస్టారూ మాచేత అలాగే చేయించేవారు."

"నేనూ రెండో తరగతి దాకా చదివేనండి మాస్టారూ. ఎక్కాలన్నీ ఎప్పుడో మర్చిపోయేను. ఎదురింటి కాంతం పెట్టిన మొట్టికాయ మాత్రం ఇప్పటికీ గుర్తుందండీ. మళ్ళీ మేం కలిసి ఆడుకోలేదు."

ఆయన చేతిలో సుద్దముక్కను అటూ ఇటూ తిప్పారు.

"పిల్లని మానిపించకండి. సోమవారం పంపండి. ఇక నా క్లాసులో ఎవరూ ఎవరినీ కొట్టరు."

"అబ్రార్ పక్కనే కూర్చోబెట్టండి బాబూ. కుర్చీ మాత్రం ఎక్కించకండి."

"అలాగేనండీ."

ఇంటికొచ్చి మళ్ళీ పీట తీశాను. జరిగింది అఖిలకు చెప్పాను. నమ్మాలో వద్దో తెలియనట్టు చూసింది.

"నిజంగా ఆడనా మామ్మా?"

"ఆడవే!"

ఆడింది. నేను గుంటలు సర్దుకుని ఆలోచించుకునేలోపే నా వైపు ఒక్క గింజ మిగల్లేదు. ఊరంతటికీ ఈ ఆట నేర్పినదాన్ని, నోరు తెరుచుకుని ఖాళీ గుంటలకేసి చూస్తూ ఉండిపోయాను. తలెత్తితే, అది గింజల్ని ఒళ్ళో గట్టిగా పట్టుకుని, నేనెక్కడ ఏడుస్తానోనని నా మొహంకేసే చూస్తోంది.

"ఏం చూస్తావే గడుగ్గాయీ, మళ్ళీ పొయ్యవే గింజలు," అన్నాను.