అట్టలన్నీ దించేసిన ల్యాప్‌టాప్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళలో ఏ ల్యాప్‌టాప్‌కు జబ్బు చేసినా క్రాంతి కుమార్ ముట్టుకుంటే చాలు, లేచి కూర్చుంటుందట. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, క్రాంతి కుమారే అన్నాడు. పెనుకొండలో మామ ల్యాప్‌టాప్‌ను అతను బాగుచేసిన రోజు నుంచి అది నోరు మూసేసింది, పాట లేదు, మాట లేదు. "ఇంట్లో ప్రశాంతంగా ఉంటాదని సౌండు నేనే తీసేసినా మామా" అని చెప్పి, కాఫీ తాగి వచ్చాడు.

అక్క పద్మజ మాత్రం అతను చెప్పినవన్నీ నమ్మేది. ధర్మవరంలో వాళ్ళది పట్టుచీరల మగ్గాల ఇల్లు. నాయన నారాయణస్వామి ఇన్నేళ్ళూ షావుకార్లు ఇచ్చిన డిజైన్లే నేశాడు. ఈసారి షావుకారు గంగాధర, "నీ కూతుర్ని ఒక అంచు గీయమను, చూస్తా. బాగుంటే నీ మగ్గం మీదే నేయప్పా" అన్నాడు. ఆ ఇంట్లో సొంత డిజైన్ మగ్గమెక్కడం అదే మొదలు. పద్మజ పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, గడి గడికీ రంగు నింపుతూ అంచు మీద ఒక నెమలిని గీసింది. ఒక్క మెడ వంపుకే ఎండాకాలం గడిచిపోయింది. ఆ నెమలికి రేషన్ కార్డు కూడా వచ్చేసిందని క్రాంతి వెక్కిరించేవాడు. చివరికి పూర్తయింది. ఆ సాయంత్రమే గంగాధర చూడడానికి వస్తున్నాడు.

ఆ పొద్దునే క్రాంతి హిందూపురం పోతూ పోతూ ఒక చిన్న పని చేశాడు. ల్యాప్‌టాప్ తెరవగానే తెర నిండా ఎర్రటి పుర్రె బొమ్మ వచ్చేట్టు పెట్టాడు. కింద "లోపలంతా పురుగు పట్టింది" అని రాశాడు. ఒక్క బటన్ నొక్కితే పోయే బొమ్మ. అక్క లబోదిబోమంటూ ఫోన్ చేస్తుంది, తను పెద్ద డాక్టరు గొంతుతో ఆ బటన్ పేరు చెబుతాడు, వీధి వీధంతా మెచ్చుకుంటుంది. పథకం అంత గొప్పది. కాకపోతే హిందూపురంలో సినిమాకెళ్ళి, ఫోన్ ఆపి, ఆ సంగతే మరిచిపోయాడు.

తిరుగు రైలు పెనుకొండ దాటాక ఫోన్ మోగింది.

"రేయ్, నీకెన్నిసార్లు చేసినా కలవలేదు. ల్యాప్‌టాప్‌కు ఏదో రోగమొచ్చింటే నేనే బాగుచేసేసినా!"

"ఏం చేసినావక్కా?"

"నువ్వే చెప్తాంటివి కదా, ఏ రోగమొచ్చినా ఫ్యాక్టరీ సెట్టింగ్ కొడితే కొత్తదైపోతాదని. కొట్టినా. పెండ్లికూతురు మాదిరి మెరుస్తాండాది."

రైలు నడుస్తూనే ఉంది. క్రాంతి గుండె మాత్రం పెనుకొండలోనే దిగిపోయింది.

"ఫైళ్ళు ఉంచాలా, అంతా తీసేయాలా అని అడిగింటాదే?"

"అడిగింది. అంతా తీసేయమన్యా. మగ్గం మీద డిజైన్ మారిస్తే, పాత డిజైన్‌కు చిల్లులు కొట్టిన జాకార్డు అట్టలన్నీ దించమా? పాతవి నాలుగు మిగిలినా నెమలికి చిలక ముక్కొస్తాది."

"దించినవి యాడికి పోయింటాయనుకున్యావు?"

"యాడికి పోతాయి రా? మనం గోడ మేకుకు తగిలించమా, అదీ లోపల యాడో తగిలించింటాది. నువ్వొచ్చి తీసి పెట్టు. గంగాధరన్న వచ్చే యాళయింది."

"పెన్‌డ్రైవ్‌లో ఎక్కించలేదా?"

"అట్టలు కొట్టేవానికి ఇచ్చేటప్పుడు ఎక్కిస్తామనుకుంటి."

క్రాంతి ఇంటికొచ్చి వెదికాడు. తెర మీది చెత్తబుట్టను సైతం కడిగి బోర్లించినట్టుంది. ఆ ల్యాప్‌టాప్‌కు తను ధర్మవరంలో ఉన్న సంగతి కూడా గుర్తులేదు, ఏ దేశమని అడిగింది. పద్మజ అతని వేళ్ళనే చూస్తోంది.

"ఏ మేకుకుండాది రా?"

"మేకుల్లేవక్కా. దించినవన్నీ కాల్చేసినట్టే."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. నారాయణస్వామి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఖాళీ తెరనూ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు తన మీదికి తిరగకముందే క్రాంతి గొంతు పెంచాడు.

"అయినా పుర్రె బొమ్మకు భయపడి ఎవరన్నా అంతా తుడిచేస్తారా?"

"పుర్రె అని నేను చెప్పలేదే" అంది పద్మజ, చాలా మెల్లగా.

క్రాంతికి పుట్టినప్పటి నుంచీ అబద్ధాలకు కొదవ లేదు. ఆ క్షణాన మాత్రం ల్యాప్‌టాప్ మూత మూసేశాడు.

పద్మజ తిట్టలేదు, కొట్టలేదు. గంగాధరకు ఫోన్ కలిపి తమ్ముడి చేతిలో పెట్టింది. "నా నెమలి ఏమైందో నువ్వే చెప్పు."

"ఏమమ్మా, బయల్దేరినా. వీధి మలుపులో ఉండా" అంటోంది ఫోన్‌లో గొంతు.

"అన్నా, నేను క్రాంతిని. కరెంటు..." అని, అక్క మొహం చూసి ఆగిపోయాడు. "కరెంటు కాదన్నా. డిజైన్ పోయింది. అక్క తప్పేం లేదు, పుర్రె బొమ్మ పెట్టి భయపెట్టింది నేనే. మళ్ళీ గీసేదానికి ఆమెకు గడువియ్యన్నా. అందరూ నవ్వుతారనుకుని చేసినా. ఈడ ఎవరూ నవ్వడం లేదన్నా."