డైరెక్టరు కుర్చీకి లేని బీమా

క్విల్ హార్బర్‌లో పొగమంచు దిగిందంటే సముద్రపు కాకులు కూడా నడిచే ఇంటికి పోతాయి. అలాంటి ఒక మధ్యాహ్నం తిమింగలాల మ్యూజియం పెద్దలు, పాతికేళ్లుగా అక్కడి ఎముకల్ని కనిపెట్టుకుని ఉన్న క్యూరేటర్ థిర్జాను భోజనానికి పిలిచి, డైరెక్టరు పదవి ఇస్తున్నామన్నారు.

జీతం కాస్త ఎక్కువ. ఉండడానికి కొండ మీది పాతకాలపు ఓడ కెప్టెన్ ఇల్లు ఉచితం. థిర్జా మాత్రం చౌడర్ అనే చిక్కటి చేపల సూప్‌లో చెంచా తిప్పుతూనే ఉంది. ఒక్క చుక్క నోట్లోకి పోలేదు. ఆమె భర్త ఆమోస్‌కు నెత్తురు జబ్బు. నెలనెలా వేసే సూది ఖరీదుకు ఒక చేపల పడవ వస్తుంది. ఆ సూది నడిచేది క్యూరేటర్‌గా ఆమెకున్న ఆరోగ్య బీమా మీద. కొత్త ఉద్యోగపు కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. బీమా ఊసే లేదు.

"బీమా సంగతి రాయలేదు, థాక్స్టర్ గారూ." అంది, కాగితం బల్ల మీద పెట్టి.

రొట్టె విరుస్తున్న అధ్యక్షుడు థాక్స్టర్ ఆగిపోయాడు. "డైరెక్టరుకు బీమా ఏమిటి? ఇంతవరకు ఎవరూ అడగలేదే!"

ఎందుకడుగుతారు? ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా ఓడలున్న ఇళ్ల వారసులు. ఒకాయనకు దగ్గొస్తే బోస్టన్ నుంచి డాక్టర్ని కాదు, ఆస్పత్రినే పడవెక్కించి తెప్పించాడని చెప్పుకుంటారు.

"వాళ్లకు అక్కర్లేదండీ. మా ఆయనకు కావాలి."

"ఎముకలంటే ప్రాణమిచ్చేదానివి, నీకీ లెక్కలేమిటే తల్లీ?" అంది బల్ల చివర్నుంచి, పెద్దల్లో ఒకరైన కాఫిన్ ఇంటి ముసలమ్మ.

"నా ప్రాణమైతే ఇస్తానమ్మా. ఆయనది ఎలా ఇవ్వను?"

థిర్జా కాగితాన్ని థాక్స్టర్ వైపు తోసింది.

"పోనీ, క్యూరేటర్‌గానే ఉండిపోతాను."

"ఆ పోస్టు తీసేశాం గదా! రెండు పనులూ నువ్వే చేస్తావనుకున్నాం," అన్నాడు థాక్స్టర్.

వెనక్కి పోదామంటే మెట్టు లేదు.

"రెండు పనులూ చేసే మనిషికి ఒక్క బీమా పెట్టలేరా?"

"సరే, సరే, చూద్దాంలే. నా మాట చాలదూ?"

"మందుల షాపువాడు మీ మాట తీసుకోడండీ. రాసివ్వండి. ఇప్పుడే."

బల్ల కింద ఆమె మోకాళ్ల వణుకుకు పక్క హాల్లో తిమింగలం పక్కటెముకలు గలగలమన్నాయని ఊళ్లో అంటారు. అంత కాకపోయినా తోకైనా కదిలే ఉంటుంది. చౌడర్ మీద మీగడ కట్టింది. థిర్జా లేవలేదు, తల దించలేదు.

థాక్స్టర్ మూతి తుడుచుకుని, పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.

"ఏమని రాయమంటావ్?"

"ముందు ఆమోస్ పేరు రాయండి," అంది, పెన్ను మీంచి చూపు తిప్పకుండా.